నంబరు తరవాత వచ్చిన మాట

మాదళ్లి గేట్లు, మండ్య జిల్లా
మే 9, శనివారం

చిరంజీవి శ్రీవత్సకు కాళేగౌడ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నా మోకాళ్లూ ఇంకా బతికే ఉన్నాం. బెంగళూరులో నువ్వూ నీ భార్యా కులాసా అనుకుంటాను. దీవెన అయింది. ఇక కోపం రాస్తాను.

ఆరేళ్ల కిందట విచారణలో పదిమంది ముందు నిలబడి, ప్రోగ్రాములో లోపం లేదు, బొత్తాలు కొట్టిన మనిషిదే తప్పు అన్నావు. నా ఇంట్లో మూడు నెలలు రాగిముద్ద తిన్న నోటితో అన్నావు. ముప్ఫై ఒక్క ఏళ్లు చేత్తో గేట్లెత్తిన వాణ్ణి నేను. ఒక్క పంట మునగలేదు, ఒక్క దూడ కొట్టుకుపోలేదు. గేట్లెత్తే నీ జావా ప్రోగ్రాము వచ్చిన రెండో ఏడే నన్ను కుర్చీలోంచి లేపారు. ఇవాళ్టికీ టీ అంగడి దగ్గర నన్ను చూస్తే, గౌడరు వస్తున్నారు, కాలవలోంచి పైకి రండ్రోయ్ అని నవ్వుతారు. నంజప్ప మాత్రం నవ్వడు. కాలవలో జనం ఉండగా నా చేతిమీద గేటు లేచి నీళ్లు పడ్డ ఆ రోజే వాడి కాలు విరిగింది. కర్ర పట్టుకుని నా ముందునుంచే పోతాడు, పలకరించడు.

అయినా ఇన్నేళ్లూ నీకు ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది భయం వేసి.

మొన్న గురువారం బీడీ ముట్టించుకుందామని గేట్ల గదికి వెళ్లాను. నా తరవాత ఆ కుర్చీలోకి మంగళగౌరి వచ్చింది. మంచి పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి, పనిలో వంక పెట్టలేం. మోటార్లు కదలకుండా, ఏ గేటు ఎంత లేస్తుందో తెరమీద చూపించే ట్రయల్ ఉంది చూడు, ఆ పరీక్ష చేస్తోంది. బయట మూడో గేటు గరగరమంది. ఆ చప్పుడు నేను నిద్రలో విన్నా గుర్తుపడతాను. చూస్తే జానెడు లేచి ఉంది. పరుగెత్తి మోటారు ఆపే ఎర్ర బొత్తం మీద అరచెయ్యి వేశాను.

ఏం కొట్టావే అని అరిచాను. ట్రయల్ అనే కొట్టాను కదా తాతా, నా మీద అరుస్తావేం అంది. ఎక్కడ కొట్టావు అన్నాను. మూడు అని కొట్టి, పక్కన అడ్డగీత పెట్టి ట్రయల్ అని కొట్టాను, ఇంకెక్కడ కొడతారు అంది.

ఆరేళ్ల కిందట నేనూ అట్లాగే కొట్టాను.

విచారణ రోజున నువ్వే చెప్పావు. ప్రోగ్రాము మనం కొట్టిన మాటలు ఒక్కొక్కటే వరసగా చూసుకుంటూ పోతుంది, గీత పెట్టిన మాటలు దానికి ఆజ్ఞలు, గేటు నంబరు తగలగానే ఆజ్ఞల కోసం వెతకడం మానేస్తుంది, తరవాత ఏమున్నా పక్కన పారేస్తుంది అన్నావు. అంటే ట్రయల్ అన్న మాట దాని చెవిన పడలేదు. మూడు ఒక్కటే పడింది. నిజంగానే ఎత్తేసింది.

గీత ముందు, నంబరు తరవాత అని నువ్వు అతికించిన కాగితాన్ని చెదలు తినేసి ఎన్నాళ్లయిందో. ఉన్నా ఒకటే. ఇక్కడ పని ఎట్లా నేర్చుకున్నామో నీకు తెలియదా? యంత్రాలు లేని రోజుల్లో గట్టు మీద నిలబడి కేకేసేవాళ్లం. మూడోదీ, ఎత్తూ! అని. ముందు నంబరు పిలవకపోతే ఏడుగురూ ఏడు పిడులూ తిప్పేస్తారు. మంగళగౌరి మామ కూడా ఆ కేకకి తిప్పినవాడే. ఆ ఇంట్లో పిల్లలకి పని చెప్పినా ముందు పేరే, తరవాతే పని. నోటికి పట్టిన అలవాటు వేళ్లకి రాకుండా ఉంటుందా? ముందు గీత కొట్టవే తల్లీ అని నాలుగుసార్లు చెప్పాను. సరే తాతా అంది. తొందరలో మళ్లీ నంబరే కొడుతుంది, నాకు తెలుసు.

పంతొమ్మిదో తారీకు కాలవలో పూడిక తీత. ముప్ఫై ఆరుగురు దిగుతారు. వాళ్లలో నంజప్ప కోడలుంది. అదే రోజు పొద్దున పది గంటలకి ఏడు గేట్లకీ ట్రయల్ చెయ్యమని పైనుంచి కాగితం వచ్చింది. మా కొత్త ఇంజనీరు దగ్గరికి వెళ్లి, జనం పైకొచ్చాక చెయ్యండి అయ్యా అన్నాను. ట్రయలంటే గేటు కదలదు గౌడా, ఇంటికెళ్లి మనవలకి కథలు చెప్పుకో అన్నాడు. మొన్న జానెడు లేచింది కదా అంటే, మోటారు వైర్లలో ఏదో తేడా, చూపిస్తాం అన్నాడు. ప్రోగ్రాము రాసినాయన రాసిస్తే వింటాను, నీ మాట మీద ఆపను అని తేల్చేశాడు.

అందుకే నీకు రాయాల్సి వచ్చింది. ఫోన్లో నా గొంతు వింటే పెట్టేస్తావని కాగితం పట్టుకున్నాను. గీత పెట్టిన మాట ముందున్నా వెనకున్నా నీ ప్రోగ్రాము వెతికి పట్టుకోవాలి. అర్థం కాని మాట ఒక్కటి మిగిలినా గేటు ముట్టుకోకూడదు. ఎద్దుకి కూడా ఆ మాత్రం తెలుసు, కేక అర్థం కాకపోతే ఆగి వెనక్కి చూస్తుంది. అది మార్చేదాకా జనం కాలవలో ఉండగా ట్రయల్ చెయ్యొద్దని ఇంజనీరుకి నీ సంతకంతో రాయి. పదహారో తారీకు శనివారం సాయంత్రంలోగా నీ జవాబు నా చేతిలో ఉండాలి. లేకపోతే పంతొమ్మిదిన నేనే వెళ్లి మూడో గేటు కింద కూర్చుంటాను.

ఇట్లు
కాళేగౌడ, గేట్లు చూసినవాడు

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. ఇది రాయకపోతే నువ్వు సరిచెయ్యాల్సింది సరిచెయ్యలేవు. ప్రోగ్రాము ఏమైనా చెప్పిందా అని విచారణలో నువ్వు నన్ను అడిగావు. ఏమీ రాలేదు, నీ యంత్రం నోరు విప్పలేదు అన్నాను. అది అబద్ధం. తెరమీద ఒక వరస వచ్చింది, ఇంగ్లీషులో. నాకు ఆ అక్షరాలు రావు. బొత్తాలు ఎక్కడెక్కడున్నాయో గుర్తుపెట్టుకుని ఆ కుర్చీలో ఉన్నన్నాళ్లూ కొట్టాను, ఎవరికీ తెలియనివ్వలేదు. ఆ వరస చూసి, ఎప్పుడూ వచ్చేదేలే అని ఊరుకున్నాను. గురువారం అదే వరస మంగళగౌరి ముందూ వచ్చింది. అదేమిటే అంటే, ఏవో వస్తుంటాయి తాతా అంది. ట్రయల్ అన్న మాట పక్కన పారేశానని నీ ప్రోగ్రాము చెప్పింది శ్రీవత్సా. చెప్పి, మేం చదివేదాకా ఆగకుండా గేటెత్తేసింది. నా అబద్ధం సంగతి నంజప్పకి రేపు నేనే వెళ్లి చెబుతాను. నువ్వు ఆ వరస కన్నడంలో పెట్టు, అక్కడే ఆపు. పదహారో తారీకు. మరిచిపోకు.