మామాయ్ కాదు, బాబాయ్

మరిదీ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. చిట్టిని బడి నుంచి నువ్వే తీసుకురా. ఏదైనా తిన్నాక కాసేపు మాటలు పలికించు. చేతి అద్దం తుడిచి ఫ్రిజ్ మీద పెట్టాను. దాని ముక్కు కింద అడ్డంగా పట్టుకుని "పాప", "బాబు" అనిపించు. అద్దం మసకబారకపోతే గాలి నోట్లోంచే వస్తున్నట్టు. నిన్నటిలా "అమ్మ" అనిపించి, అద్దం మసకేసిందని మొహం వేలాడేయకు. ఎవరు పలికినా ఆ మాటలో గాలి ముక్కులోంచే పోవాలట. చెబితే స్పీచ్ మేడమ్ ఒకటే నవ్వు.

అసలు సంగతి విను. పొద్దున మేడమ్ దగ్గర చిట్టి "బాబాయ్" అంది. అద్దం తళతళలాడుతూనే ఉంది. అంగిలి చీలిక కుట్టించాక కూడా ఇన్నాళ్ళూ "మామాయ్" అనే విన్నాను కదా, గుండెల మీంచి బరువు దిగిపోయింది.

నీ మీద మాత్రం కోపం ఉంది. అది "మామాయ్" అన్నప్పుడల్లా "నేను మీ అమ్మకి తమ్ముణ్ణి ఎప్పుడయ్యానే" అనేవాడివి. నీకు చెలగాటం, దానికి ప్రాణసంకటం. చివరికి పిలవడమే మానేసి నీ చొక్కా పట్టుకు లాగడం మొదలెట్టింది.

ఈ రోజు బడి గేటు దగ్గర నిన్ను పిలుస్తానంది. మళ్ళీ అనమని అడగకు. వెంటనే పలుకు, చాలు.

వదిన

ఇంకో మాట. అలవాటుగా "ఊఁ" అనేవు, అదీ ముక్కు మాటే. అది నోరారా పిలుస్తుంది. నువ్వూ నోరారా పలుకు.