డాక్టరు రాసిన ఒక్క మాట

ఖరగ్‌పూర్, 12-6-1968

తవిటయ్య అన్నయ్యకు నమస్కారం.

మమ్మల్ని ఊరికి తీసుకెళ్లడానికి బయలుదేరవద్దు. ఆయన పోయాక నాకు రైల్వే స్కూల్లో ఆయా ఉద్యోగం ఇస్తామన్నారు కదా. నిన్న అందుకు డాక్టరు పరీక్ష జరిగింది. చిన్నప్పుడు మూర్ఛలు వచ్చేవనీ, పన్నెండేళ్లుగా రాలేదనీ దాచకుండా చెప్పాను. బెంగాలీ డాక్టరు చాలాసేపు పరీక్ష చేసి, కాగితం మీద ఒకే మాట రాసి పైకి చదివారు. "ఫిట్."

పక్కనున్న అత్తమ్మ గొల్లుమన్నారు. "ఫిట్సని రాసేసినారేటి బాబూ? పిల్లలకి కూడెలాగ?"

మన తెలుగు కాంపౌండరు రిచర్డ్ గారు పరుగున వచ్చారు. "ఏడవకమ్మా. ఫిట్సంటే జబ్బు. ఫిట్టంటే పనికి తగిన మనిషని. ఉద్యోగం వచ్చినట్టే."

అత్తమ్మ కళ్లు తుడుచుకున్నారు. "ఇంకోపాలి సదవమను బాబూ" అన్నారు. డాక్టరు నవ్వి మళ్లీ చదివారు.

సోమవారం పనిలో చేరుతున్నాను. పెళ్లయిన నాటి నుంచీ నన్ను 'ఫిట్సుల పిల్ల' అన్నది అత్తమ్మే కదా అన్నయ్యా. ఈ ఉదయం కుళాయి దగ్గర ఆవిడే బిందె దించి అందరితో చెప్పారు. "మా కోడలు ఫిట్టు. డాక్టరే రాసినాడు."

నీ చెల్లెలు