ఎడమ మూల తేదీ

22 ఫిబ్రవరి 2001, గురువారం

ప్రియమైన లోవా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు రాలేదని తిట్టుకునే ఉంటావు. తిట్టుకో, నీ తిట్లు విని చాలాకాలమైంది.

నాలుగేళ్ళు ఉండి వచ్చేద్దామని, పెళ్ళయి అజ్మత్ వెంట ఈ కొండల రాష్ట్రానికి వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు అయింది. ఆయన ఇక్కడి మట్టిలోనే ఉండిపోయారు. జూన్ ముప్పైతో నా ఉద్యోగమూ అయిపోతుంది. జులైలో మల్కాజ్‌గిరిలో నీ మేడమీద గదిలో ఉంటాను. రోజూ ఆ మాటే అనుకుంటూ నిద్రపోతున్నాను.

ఇవాళ మాత్రం మనసు బాగాలేదు. మా శాసనసభలో నలుగురు సభ్యులు తమను గెలిపించిన పార్టీని వదిలి అధికారపక్షం వైపు వెళ్ళి కూర్చున్నారు. వాళ్ళ సభ్యత్వం రద్దు చేయాలని పాత పార్టీ స్పీకరుకి అర్జీ పెట్టుకుంది. ఇవాళ దాని మీద వాదనలు. ఆ పార్టీ తరఫున మాట్లాడినాయన ఒకప్పుడు బడిపంతులు, డెబ్బై దాటాయి. గంటన్నర మాట్లాడాడు. స్పీకరు స్టెనోని కనుక ప్రతి మాటా షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించాను.

లోవా, ఆ నలుగురి సభ్యత్వానికి ఢోకా లేదని చెప్పే ఉత్తర్వు నేను సోమవారమే టైపు చేశాను. ఆయన మాట్లాడుతున్నంతసేపూ అది నా వెనక బీరువాలోనే ఉంది. సాయంత్రం స్పీకరు దాని మీద ఇవాళ్టి తేదీతో సంతకం పెట్టారు. వెళ్ళబోతూ ఆ పెద్దాయన నా బల్ల దగ్గర ఆగి, ఒక్క మాట కూడా పోలేదు కదమ్మా అని అడిగాడు. లేదన్నాను.

నీ
షాహీదా


10 మార్చి 2001

నా షాహీదాకి,

నీ సోమవారం సంగతి చదివి కాసేపు బెంగగా కూర్చున్నాను. అయినా మనం టైపు చేసేవాళ్ళమే కానీ తీర్పులు చెప్పేవాళ్ళం కాదు. మరిచిపో.

ఇక్కడి కబురు వింటే నువ్వు ఏడుస్తావు. రాంగోపాల్‌పేట్‌లో రామభద్రరావు మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. ఆ మేడ మీద ఇప్పుడు కంప్యూటర్ కోర్సుల బోర్డు. జావా అట, ఒరాకిల్ అట. మెట్ల మీద మనం నిలబడ్డట్టే పిల్లలు బారులు తీరి ఉన్నారు. మిషన్లు తూకానికి అమ్మేస్తుంటే ఏడో నంబరు, అదే నీది, తెచ్చేసుకున్నాను. లోకల్ రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకున్నందుకు ఇప్పటికీ తొడలు పీకుతున్నాయి. మా కోడలు పూజిత సాఫ్ట్‌వేర్ పిల్ల కదా, చుట్టూ తిరిగి చూసి, "ప్రింటర్ కూడా ఇందులోనే ఉందా అత్తయ్యా" అంది.

మాస్టారి పద్ధతి గుర్తుందా? ఫెయిర్ కాపీ తీసేశాక, ఫైల్లో ఉండే ఆఫీసు కాపీని మళ్ళీ మిషన్‌కెక్కించి, ఎడమ మూల మన పొడి అక్షరాలు, కొట్టిన తేదీ వేయించేవారు. ఎందుకండీ అని అడిగితే, "సంతకం పెట్టినవాళ్ళు మర్చిపోవచ్చమ్మా, కాగితం మర్చిపోకూడదు" అనేవారు. రైల్వేలో ముప్పై ఏళ్ళూ నేను మానలేదు. నువ్వూ మాని ఉండవు.

నీ రాక కోసం గదికి సున్నం వేయిస్తున్న
లోవలక్ష్మి


29 మార్చి 2001

లోవా,

మానలేదు. అదే కొంప ముంచింది.

ఆ పంతులుగారు హైకోర్టుకి వెళ్ళారు. స్పీకరు మాట మీద కోర్టేమిటని మా ఆఫీసులో రోజూ వాదులాటే. సభ్యత్వాల తగవు తేల్చేటప్పుడు స్పీకరు చేసేది ట్రిబ్యునల్ పని, దురుద్దేశంతో తేల్చినా, ఎదుటివాళ్ళ మాట వినకుండా తేల్చినా కోర్టు చూడవచ్చునని తొమ్మిదేళ్ళ కిందటే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు నోట్సు టైపు చేసిందీ నేనే.

కోర్టు ఫైలు మొత్తం పంపమంది. పంపేముందు పేజీలు తిరగేస్తూ మా సభ కార్యదర్శి, ఆఫీసు కాపీ ఎడమ మూల చూశాడు. 19-2-2001. విచారణకి మూడు రోజుల ముందు. ఏప్రిల్ తొమ్మిదో తారీకులోగా చివరి పేజీ మళ్ళీ కొట్టి, మూల ఖాళీగా ఉంచమన్నాడు. తర్వాత స్పీకరే లోపలికి పిలిచి, నా పరువు మీ చేతిలో ఉందన్నారు. అజ్మత్ పోయినప్పుడు జనాజాలో వానకి తడుస్తూ చివరిదాకా నిలబడ్డ మనిషి. ఆయన మొహం చూస్తే కాదనలేను. పంతులుగారిని తలుచుకుంటే సరేననలేను.

ఎస్టీడీ బూత్‌లో మాట్లాడే సంగతి కాదిది. ఏం చేయమంటావో స్పీడ్‌పోస్టులో రాయి.

దిక్కుతోచని
షాహీదా


3 ఏప్రిల్ 2001

షాహీదా,

కొట్టేసెయ్. మూల ఖాళీగా వదిలేసి, వాళ్ళ మొహాన పడేసి, రైలెక్కు. రిటైరయ్యే ముందు ఈ గొడవ నీకెందుకు? పార్టీలు మారేవాళ్ళు మారుతూనే ఉంటారు, నువ్వు ఆపుతావా?

టైపు హయ్యర్ పరీక్ష రోజు నేను గంట ఆలస్యంగా వచ్చాను. ఇంట్లో పెళ్ళిచూపులని చెప్పుకోలేక మెట్ల మీద ఏడుస్తున్నాను. నువ్వు "ఏడువకు, జెర ఆగు, నేను చూస్కుంట" అని లోపలికి వెళ్ళి, లోవ పొద్దుటి నుంచీ ఇక్కడే ఉంది, కళ్ళు తిరిగితే కింద కూర్చోబెట్టానని మాస్టారికి చెప్పావు. ఆ అబద్ధంతోనే నాకు ఉద్యోగం వచ్చింది, ఆ పెళ్ళీ తప్పింది. నా కోసం ఒకటి ఆడావు. నీ కోసం ఒకటి ఆడుకోలేవా?

నువ్వు రావాలే. నాకింకేమీ తెలియదు.

నీ
లోవ


20 జూన్ 2001

ప్రియమైన లోవా,

రెండున్నర నెలలు నిన్ను ఏడిపించాను. కాళ్ళు పట్టుకుంటాను, అన్నీ చెప్తాను.

ఏప్రిల్ తొమ్మిదో తారీకున చివరి పేజీ మళ్ళీ కొట్టాను. పాతది కార్యదర్శి తీసుకున్నాడు. కొత్తది చూడకుండానే ఫైల్లో కుట్టి కోర్టుకి పంపాడు. ఎడమ మూల నా పొడి అక్షరాలున్నాయి. వాటి పక్కన 9-4-2001 అని ఉంది.

ఫిబ్రవరిలో ఇచ్చిన ఉత్తర్వుకి ఏప్రిల్ తేదీ ఎలా వచ్చిందని జడ్జిగారు అడిగారు. పక్కన ఉన్న పొడి అక్షరాలు నావి కనుక నన్ను అఫిడవిట్ ఇవ్వమన్నారు. పేజీ ఎందుకు మారిందో, పాత పేజీలో ఏ తేదీ ఉందో రాసిచ్చాను. స్పీకరు కుర్చీలో తాము కూర్చోబోమని, ఆ కుర్చీలో ఉన్నవారు విన్నాకే నిర్ణయించాలని చెప్పి, కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి, మళ్ళీ మొదటి నుంచి విచారించమంది. పంతులుగారు నిన్న మళ్ళీ గంటన్నర మాట్లాడారు. రాసుకోవడానికి ఈసారి నేను లేను, నన్ను స్టోర్సుకి మార్చారు. తలుపు బయట నిలబడి విన్నాను.

స్పీకరు నాతో మాట్లాడటం లేదు. అది చాలా బాధగా ఉంది. నా మీద విచారణ వేశారు, అది తేలేదాకా ఊరు విడిచి పోవద్దన్నారు. జులైలో రాలేను లోవా. గదికి తాళం వేసి ఉంచు.

నీ కోసం ఆడిన అబద్ధం నాకిప్పటికీ తీపిగానే ఉంది. దానివల్ల ఎవరి మాటా వినబడకుండా పోలేదు. ఇది అలాంటిది కాదు.

ఆఫీసులో అందరూ అలవాటు కొద్దీ చెయ్యి జారిందనుకుంటున్నారు. కార్యదర్శి నన్ను తిట్టి, ముసలి చేతులు ఏం చేస్తాయిలే అని జాలిపడ్డాడు. నేనూ కాదనలేదు. నీకు మాత్రం చెప్తున్నాను. పేజీ కొట్టి బయటికి తీశాక, మళ్ళీ మిషన్‌కెక్కించే ముందు నేను ఆగాను. లేచి, కిటికీ దగ్గర టీ మొత్తం తాగాను. తర్వాత వచ్చి కూర్చుని, కాగితం ఎక్కించి, మూలకి జరిపి, ఒక్కొక్క అంకే చూసుకుంటూ కొట్టాను.

ఈ ఉత్తరం చించకు.

నీ
షాహీదా

షా.బే. 20-6-2001