ముందర రిమోట్ ఆపినా

ఫిబ్రవరి 3, సోమవారం
పుంగనూరు పోయి ఘని దగ్గర రిమోట్ బైక్ తెచ్చినా. ఘని సెల్ రిపేర్ చేస్తాడు, ఇట్లాంటి బండ్లంటే పిచ్చి. మూరెడు బండి, స్పీడ్‌లో కుక్కను దాటుతాది. ఇచ్చేముందు గంటసేపు క్లాసు పీకినాడు. ముందర రిమోట్ ఆన్ చెయ్యాల, తర్వాత బండి. ఆపేటప్పుడు ముందర బండి. బ్యాటరీ బండమీద పెట్టి చార్జ్ చెయ్యాల, పక్కనే కూసోవాల, ఉబ్బితే మళ్లా వాడకూడదు. రిమోట్‌ను బండితో జత చేసేటప్పుడు ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. పెడితే, సిగ్నల్ పోయినప్పుడు బండి ఆ నొక్కుడే పట్టుకోని పరిగెత్తాదంట. ఎనక చక్రం పైకెత్తి, రిమోట్ ఆపి, చక్రం నిలస్తాదా అని చూసినాకే నేలమీద వదలాలంట. టెన్త్ తప్పినోనికి ఇన్ని రూల్స్ యాలప్పా అంటే, నీకోసం కాదు, నీ పక్కన ఉండే జనం కోసం చెప్తాండా అన్నాడు.

ఫిబ్రవరి 5
జత చేసినా. ఓపిక లేక ట్రిగ్గర్ నొక్కే చేసినా. ఉరికింది కదా, చాలు. చక్రం ఎత్తి చూసేది రేపు.

ఫిబ్రవరి 8, మధ్యాహ్నం
గుండు వంకాయకు బొగ్గుతో మీసం గీసి బండిమీద కట్టినా. అచ్చం మా బామ్మర్ది గిరిబాబే. నా పెండ్లాం గోవిందమ్మ పట్టుదారం తీసే షెడ్డులోకి వదిలినా. ఆడోళ్లంతా కేకలు. వాళ్లల్లో సుమతి బల్ల ఎక్కింది. నీ తమ్ముడొచ్చినాడు, కాఫీ ఇయ్యి అంటే, మా వాడికి ఇంత మంచి మీసం యాడిది అనింది గోవిందమ్మ.

సాయంత్రం 6
బండి గోడకు తగిలి పడింది. నేను ముందర రిమోట్ ఆపేసినా. ఎనక చక్రం గిర్రున తిరగబట్టింది. తాకొద్దు, తాకొద్దు అని అరిచినా. పోప్పా, ఇరవై ఏండ్లుగా చూస్తాండా నీ నాటకాలు అని గోవిందమ్మ బండిని ఎత్తింది. కుడిచేతి చూపుడువేలు చెయిన్లో పడింది.
తొమ్మిది కుట్లు.

ఫిబ్రవరి 9
అన్నం కలిపి పెడతానంటే గోవిందమ్మ పళ్లెం లాక్కోని ఎడంచేత్తో తినింది.

ఫిబ్రవరి 12
వేడినీళ్ల తొట్టిలో పట్టుగూడుకు దారం కొస కంటికి ఆనదు. వేలికే తెలస్తాది. ఆ వేలు మొద్దుబారితే గోవిందమ్మకు పని లేదు.
ఘనికి ఫోన్ చేసినా. తిడతాడనుకున్నా. ట్రిగ్గర్ నొక్కి జత చేసినావా అని ఒక్కటే అడిగినాడు. అవునన్నా. ఫోన్లోనే మళ్లా జత చేయించి, చక్రం ఎత్తించి, రిమోట్ ఆపించినాడు. నిలిచింది. నిమిషం పని.

ఫిబ్రవరి 20, కుప్పం
మా వదిన అమరావతి ఈడ ఆసుపత్రిలో నర్సు. డాక్టరు కుట్లు తీసి, స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు, నెల ఆగి చూడమన్నాడు. నీ వయసు ఆధార్‌లో తప్పు పడిందా, యాభై కాదు ఐదేమో అనింది వదిన. బస్సులో గోవిందమ్మ కిటికీ పక్కకు తిరిగి కూసునింది. మా మదనపల్లె వచ్చేదాకా నేను ఒక్క జోకూ వెయ్యలేదు.

మార్చి 22
గోవిందమ్మ షెడ్డుకు పోయింది. ఎనకే పోయినా. తొట్టిలో చెయ్యి పెట్టి, తెలీడం లేదప్పా అనింది. అందరి ముందర ఏడ్చినా.
చూసి చూసి, ఆ వేలితోనే దారం కొస పట్టి నా ముక్కు ముందర ఆడించింది.
నాలుగు నిమిషాలు ఏడ్చినానంట. సుమతి సెల్లులో టైం పెట్టిందంట.