ఎలుగును పెంచినదాన్ని

మార్చి 9
పిత్తం కోసం ఎలుగుబంట్లను పెంచడం ఇక నేరమట. వచ్చే నెల తీసుకెళ్ళడానికి ట్రక్ వస్తుంది. మా ఆయన దోక్‌మన్ కాగితం మీద సంతకం పెట్టి పెన్ను విసిరికొట్టాడు. మూడుండేవి. రెండు ఈ చలికే పోయాయి. మిగిలింది కమ్‌సున్ ఒక్కతే. ఆ పేరు నేను పెట్టిందే. పేరు పెడితే కోయడానికి చెయ్యి రాదని మామగారు పోయేదాకా నన్ను తిట్టాడు.

మార్చి 15
జంతువుల ఆశ్రయం నుంచి సెబోమ్ అనే అమ్మాయి వచ్చింది. కమ్‌సున్ బోనులో నిలబడ్డ చోటే తల అటూ ఇటూ ఊపుతుంటే చూసి ఏడ్చేసింది. నాకు ఒళ్ళు మండింది. పద్దెనిమిదేళ్ళు మంచు తవ్వుకుంటూ వెళ్ళి మేత పెట్టింది నేను. ఒక్కపూట చూసి ఏడవడం ఎంతసేపు!

దోక్‌మన్‌కి ఇంకా మంట. ఎలుగు కోసం ఏడ్చేవాళ్ళున్నారు గానీ, దాని నోట్లో రెండు వేళ్ళు పోగొట్టుకున్న నన్నడిగే దిక్కులేదే అంటూ ఆ చెయ్యి ఆమె ముఖం ముందు ఊపాడు. ఆ పిల్ల వెళ్ళేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, పిన్నీ, దీనికి ఏదంటే ఇష్టం అని అడిగింది.

తెలియదన్నాను. కాల్చిన చిలగడదుంపంటే ప్రాణం పెడుతుంది. చెప్పబుద్ధి కాలేదు. అదొక్కటైనా నా దగ్గర ఉండనీ.

మార్చి 28, మధ్యాహ్నం
పెళ్ళయిన ఏడాదే నాకు కామెర్లు ముదిరాయి. మామగారు ఒక ఆడ ఎలుగును కోసి, దాని పిత్తం సోజూ సారాలో కలిపి, ముక్కు మూసి తాగించాడు. బతికాను. దానివల్లే బతికానో, బతకాల్సి ఉండి బతికానో. దాని పిల్ల అప్పటికి పిల్లికూనంత. సీసాతో పాలు పట్టింది నేనే. అదే కమ్‌సున్.

ఇది సెబోమ్‌కి చెప్పాలా? ఏమని?

ఏప్రిల్ 11
తీసుకెళ్ళారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. అది పడిపోయాక, పెద్దయిన తర్వాత మొదటిసారి దాని అరికాలు ముట్టుకున్నాను. అన్నీ పగుళ్ళే. కొన్నిట్లో చీము.

ఏప్రిల్ 12
పొద్దున్నే మేత కలిపేశాను. మా ఆయన నా చేతిలో బకెట్ అందుకుని, కడిగి బోర్లించాడు.

జూన్ 2
చెల్లెలి ఊరికని చెప్పి ఆశ్రయానికి బస్సెక్కాను. గడ్డి, చెట్లు, నీటిగుంట. కమ్‌సున్ గుంటలో వెల్లకిలా పడుకుని కాళ్ళాడిస్తోంది. అది వెల్లకిలా పడుకోగలదని నాకు తెలియనే తెలియదు.

సెబోమ్ బడిపిల్లలకు చూపిస్తోంది. వీటిని ఎలా ఉంచేవారో, పిత్తం కోసం ఏం చేసేవారో చెబుతోంది. ఒక పిల్ల, వాళ్ళకసలు జాలే లేదా అక్కా అంది. సెబోమ్ చూపు నా మీద పడింది. గుర్తుపట్టింది. వాళ్ళ సంగతి మనకేం తెలుసు, ఎలుగు సంగతి చెప్పుకుందాం అంది.

తిట్టినా బాగుండేది.

వాళ్ళు వెళ్ళాక, కమ్‌సున్, అని పిలిచాను. చెవి కదిలింది. తల తిప్పలేదు. బోర్డు మీద వేరే పేరుంది, హేసల్ అని. నేను సంతోషించాలి. సంతోషించాను కూడా. తిరుగు బస్సులో మాత్రం పక్కావిడ నాకు టిష్యూల ప్యాకెట్ మొత్తం ఇచ్చేసి దిగిపోయింది.

జూన్ 20
బోను కోయడానికి గ్యాస్ కట్టర్ పట్టుకుని మనిషి వచ్చాడు. నన్ను చూసి హడలిపోయాడు. బోను లోపలేం చేస్తున్నారమ్మా, బయటికి రండి అన్నాడు.

తలుపు తీసే ఉంది. కాసేపాగి వస్తానన్నాను.