పిచ్చమ్మ వెంట్రుకలు ఏ సీసాలో కలిసినవో తెలుపుట గురించి

మైపాడు పల్లెపాళెం నుండి,
నెల్లూరు మందుల తనిఖీ అధికారి గారి సముఖమునకు.

అయ్యా,

విషయం: తలకు పూసుకొను కండిషనర్ సీసాల మీద, లోపల కలిపిన వెంట్రుకల సారము ఎవరిదో రాయించవలెనని.

రాయునది పామంజి జయరామయ్య, వయసు డెబ్బై నాలుగు, చేపల వేట మానినవాడను. రెండో తరగతి చదివినాను. రాసిపెడతానని మనవరాలు రోజా అన్నది. వద్దన్నాను. ఇది నా పని.

1. నా భార్య పిచ్చమ్మ నలభై ఏళ్లు చేపల గంప మోసినది. గంప దించినాక వాకిట్లో కూర్చొని తల దువ్వుకొనేది. రాలిన వెంట్రుకలను వేలికి చుట్టి, ఉండ చేసి, తలుపు వెనక మేకుకున్న ప్లాస్టిక్ సంచిలో వేసేది. మా పాళెంలో ఆడవాళ్లందరూ అంతే. సంచి నిండితే వెంట్రుకలు కొనేవాడికిచ్చి స్టీలు సామాను తీసుకుంటారు. మా ఇంట్లో అన్నం గిన్నె, రెండు చెంబులు ఆమె తలలోనుంచి వచ్చినవే.

2. పోయిన కార్తీకంలో ఆమె జ్వరంతో చనిపోయినది. చీరలు కూతురు తీసుకుపోయినది. సంచి మాత్రం సగం నిండి మేకుకే ఉన్నది. నేను దాని జోలికి పోలేదు. తలుపు వేసినప్పుడల్లా కొంచెం ఊగేది.

3. మాఘంలో వెంట్రుకల సుబ్బు సైకిలు మీద వచ్చి "పిచ్చమ్మక్కా, స్టీలు సామానే!" అని కేక వేసినాడు. ఆమె లేదని వాడికి తెలియదు. చెప్పినాను. సైకిలు గోడకానించి, "ఆ సంచి ఉంటే ఇయ్యి పెద్దాయనా, దాచుకొని నువ్వేం చేసుకుంటావ్?" అన్నాడు. పక్కిళ్ల ఆడవాళ్లు చూస్తా ఉన్నారు. ముసలోడు పెళ్లాం వెంట్రుకలు పట్టుకొని ఏడుస్తున్నాడనుకుంటారని నాకు రోషం వచ్చినది. తీసి వాడి చేతిలో పెట్టినాను. గిన్నె మీదికి మూత ఒకటి ఇచ్చినాడు. ఈ తప్పు నాది. ఎవరి మీదా నెట్టను.

4. ఆ సాయంత్రం తలుపు వేసినాను. ఏదీ ఊగలేదు. తెల్లారి మొదటి బస్సుకు పోయి వాడిని నెల్లూరులో పట్టుకొని మూత ముందర పెట్టినాను. "యాడని ఎతకమంటావ్ పెద్దాయనా? నిన్ననే మూటలో కలిపేసినా. వందమంది తలలు అందులో. లారీ మద్రాసు పోయింది. పొడుగువి సవరాలకు పోతాయి, పొట్టివి కంపెనీలకు. వాళ్లేం చేసుకుంటారో నాకేం తెలుసు?" అన్నాడు. మూత తీసుకోలేదు.

5. మొన్న రోజా పాలవంటి మందు ఒకటి తలకు పూసుకొని, వెంటనే కడిగేస్తున్నది. ఏమని అడిగినాను. కండిషనర్ అన్నది. సీసా మీదున్నది చదవమన్నాను.

"నీళ్లు తాతా. మైనం లాంటిది ఒకటి. చిక్కు పడకుండా జుట్టుకు అంటుకునేది ఒకటి. వాసనకు ఏదో. కెరాటిన్."

"అదేంది?"

"వెంట్రుకల్లో ఉండే సరుకే. గోళ్లలో కూడా ఉంటది."

"ఎవరి వెంట్రుకలు?"

పిల్ల నా మొహం చూసి సీసా దించినది. "గొర్రె బొచ్చులో నుంచి, కోడి ఈకల్లో నుంచి తీస్తారంట తాతా. అమ్మమ్మది కాదులే."

"కాదని రాసినారా?"

"లేదు."

"అవునని?"

"అదీ లేదు."

తల కడిగిన నీళ్లు అప్పటికే కాలవలో పడి పోతా ఉన్నవి. నేను వాటి వెంట వీధి చివరిదాకా నడిచినాను. అక్కడ ఇసుకలో ఇంకిపోయినవి.

6. కావున కోరునది. పిచ్చమ్మ చేప అమ్మినా ఏ పడవదో చెప్పి అమ్మేది. అడగకముందే చెప్పేది. ఇంత పెద్ద కంపెనీల వాళ్లు సీసాలో పోసినది గొర్రెదో, కోడిదో, మనిషిదో తెలుగులో రాయలేరా? మనిషిదైతే ఏ ఊరి మూటలోనిదో రాయించవలెను. మాఘంలో నెల్లూరు నుంచి పోయిన మూట ఏ సీసాలకు చేరినదో విచారించి నాకు తెలుపవలెను. అన్నీ కొనలేను. ఒకటి కొంటాను. ఆ సీసా మూత తీయను.

కోడి ఈకలదే అయితే ఆ మాట కూడా కాగితం మీద రాసి పంపండి. పిల్ల మీద కోపం పెట్టుకోకుండా ఉంటాను.

పరీక్ష చేసి పోల్చుకొనుటకు ఆమె దువ్వెనలో చిక్కుకొని మిగిలిన నాలుగు వెంట్రుకలలో ఒకటి ఇందుతో జతపరచినాను. నల్లది సగం, తెల్లది సగం.

ఇది పక్కన పెట్టక చిత్తగించవలెను. ఇంతవరకు ఏ ఆఫీసు గుమ్మం ఎక్కనివాడు, ఈ ఒక్క సంగతికి

తమ విధేయుడు,
పామంజి జయరామయ్య

తిరిగి రాయునది: అయ్యా, వెంట్రుక జతపరచినానని పైన రాసినాను. అది అబద్ధం. కవరులో మూడుసార్లు పెట్టి, మూడుసార్లు తీసినాను. ఒకసారి పరాయి చేతిలో పెట్టి పోగొట్టుకొన్నవాడిని. తమరు రమ్మంటే దువ్వెనతో సహా నేనే తెస్తాను. ఎంతసేపైనా చూడండి. ఇవ్వను.