మరియా తెరెసా వెండి నాణెం, నా తక్కిన ఆస్తుల పంపకం

శంషాబాద్ మండలం తొండుపల్లి వాస్తవ్యురాలు, కీర్తిశేషులు బుచ్చయ్య గారి భార్య తారాబాయి అను నేను, వయస్సు డెబ్బై రెండేళ్లు, నా ఇష్టపూర్వకంగా చెప్పి రాయించిన వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉంది. ఒంట్లో చక్కెర ఉంది కానీ అది ఇంకా తలకెక్కలేదు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, మభ్యపెట్టలేదు. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. నా తదనంతరం కింది విధంగా జరగాలి.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత వకీలు హరిప్రసాద్ గారిది. ఆయన నెమ్మదస్తుడు. నేను రెండు మాటలు చెబితే ఒక మాట రాస్తాడు. ఈసారి మాత్రం అన్నీ రాయాలని కూర్చోబెట్టాను.

2. విమానాశ్రయం కింద పోయిన మా పొలం నష్టపరిహారంతో కట్టుకున్న ఇల్లు నా కొడుకు వీరేందర్‌కు, కోడలు మంజులకు సమానంగా, సర్వహక్కులతో చెందుతుంది. మేడ మీది గదిని మాత్రం రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదవడానికి దూరదేశాల నుంచి వచ్చే పిల్లలకే కిరాయికి ఇవ్వాలి. వాళ్ల వంట వాసన పడటం లేదని ఎవరినీ ఖాళీ చేయించరాదు. మన ఎండుచేపల వాసనకు వాళ్లు ఏనాడైనా ముక్కు మూసుకున్నారా?

3. నా మెడలో నల్లదారానికి ఉన్న వెండి నాణెం నా మనవరాలు శిరీషకు చెందాలి. కథ తెలియకపోతే అది వట్టి వెండి బిళ్ల. అందుకని కథ కూడా ఆస్తిలో భాగంగానే రాయిస్తున్నాను.

నాకు ఇలాంటి నాణెం మొదట ఇచ్చింది ఆమినా. శంషాబాద్ సర్కారు దవాఖానలో నర్సుగా ఉండి, నా కాన్పు చేసి వీరేందర్‌ను చేతుల్లోకి తీసుకున్నది ఆమే. ఆమె తాత యెమెన్ దేశపు హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో కొలువుకు వచ్చి హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడ్డాడు. ఆయన తెచ్చిన వెండి నాణేలతో ఆమె నానమ్మ హారం చేయించుకుంది. ఆ హారాన్ని మనవరాళ్లకు పంచినప్పుడు తన వాటాలోంచి ఒకటి తీసి ఆమినా నా మెడలో వేసింది. "ఇగ మనం అక్కచెల్లెండ్లం, తారా. కొట్లాట అయినప్పుడు గీ రాణిని జూసి ఊకో" అంది. మేం తరచుగా కొట్లాడాం. రాణిని చూసి ఊరుకున్నాం.

ఆ నాణేనికి ఒకవైపు బొద్దుగా ఉండే రాణి, రెండోవైపు రెండు తలల గండభేరుండం. అంచున 1780 అని ఉంది. నా మరిది మల్లేశ్వర్ దాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పి, "గన్నేండ్ల కిందటిది గింత కొత్తగ ఉంటదా వదినా? నకిలీ సరుకు" అని తేల్చేశాడు. ఆ తర్వాత ఏ పెళ్లికి పోయినా నా మెడ చూపించి నలుగురిలో నవ్వాడు.

శిరీష కాలేజీలో చరిత్ర చదువుతూ అసలు సంగతి తెలుసుకుంది. ఆ రాణి పేరు మరియా తెరెసా, ఆస్ట్రియాను ఏలింది. 1780లో చనిపోయింది. కానీ ఎర్రసముద్రపు రేవుల్లో కాఫీ గింజలు అమ్మేవాళ్లు ఆమె బొమ్మ ఉన్న వెండినే నమ్మారు, ఇంకొకరి బొమ్మతో తెస్తే వెనక్కి నెట్టేశారు. అందుకని ఆమె పోయాక కూడా అదే ముఖంతో, అదే సంవత్సరంతో వియన్నాలో నాణేలు ముద్రిస్తూనే ఉన్నారు. తర్వాత రోమ్‌లో, లండన్‌లో, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన బొంబాయి టంకశాలలో కూడా ముద్రించారు. అరేబియాలో, యెమెన్‌లో, ఇథియోపియాలో సంతలన్నీ ఆ రాణి మీదే నడిచాయి. కాబట్టి నా మెడలోది కొత్తగా కనబడినా అసలుదే. ఆ రాణికి పదహారుమంది పిల్లలని కూడా శిరీషే చెప్పింది. ఈ ముక్క నాకు బాగా నచ్చింది.

ఆ రోజుల్లోనే ఇథియోపియా నుంచి చదువుకోవడానికి వచ్చిన తెస్ఫాయె, అతని భార్య అల్మాజ్ మా మేడ మీది గదిలో దిగారు. తాళంచెవి ఇస్తుంటే అల్మాజ్ నా మెడ వైపు చూసి ఆగిపోయింది. తన మెడలోని గొలుసు బయటికి తీసింది. దానికీ అదే రాణి, అదే సంవత్సరం! అది వాళ్లమ్మ ఇచ్చిందని తర్వాత తెస్ఫాయె శిరీషకు ఇంగ్లీషులో చెప్పాడు. "బిర్" అంది. వాళ్ల భాషలో వెండి అని అర్థం. ఇద్దరికీ వచ్చిన భాష ఒక్కటీ లేదు. అయినా మెట్ల మీద కూర్చుని ఒకరి రాణిని ఒకరం చూసుకుంటూ చాలాసేపు నవ్వుకున్నాం.

అల్మాజ్ కాన్పుకు వాళ్ల దేశం పోవాలనుకుంది. ఆ ఏర్పాట్లలో ఉండగానే, నెలలు నిండకముందే, ఒక ఉదయం నొప్పులు మొదలయ్యాయి. తెస్ఫాయె విశ్వవిద్యాలయం నుంచి బయలుదేరి ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడు. అంబులెన్స్ కూడా రాలేదు. వీధి చివరి ఇంటి నుంచి ఆమినా వచ్చింది. కొలువు మానేసి చాలా ఏళ్లైనా ఆమె చేతులు ఏదీ మరవలేదు. "ఇగ దవాఖానకు పోయే టైం లేదు. వేడినీళ్లు తే, జర జల్ది" అంది.

అల్మాజ్ భయంతో బిగుసుకుపోయింది. ఆమె నాణేన్ని ఆమె పిడికిట్లోనే పెట్టి, నా పది వేళ్లూ చూపించి, మళ్లీ ఆరు చూపించి, "గీ రాణమ్మ పదారుమందిని కన్నది బిడ్డా. నువ్వు ఒక్కరిని కను, చాలు. బుగులుపడకు" అన్నాను. ఏం అర్థమైందో కానీ అంత నొప్పిలోనూ నవ్వింది.

బిడ్డ బయటపడింది, ఏడవలేదు. ఒళ్లు నీలంగా ఉంది. ఆమినా బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. బిడ్డ నోరు తుడిచింది, వీపు రుద్దింది, అరికాళ్లు తట్టింది, మళ్లీ రుద్దింది. అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల! వీధి వీధంతా వినబడేలా ఏడ్చింది. ఆమినా కళ్లు తుడుచుకుని, "మాషా అల్లా, గొంతు నీ లెక్కనే ఉన్నది తారా" అంది. మా పేర్లు మాత్రం గుర్తుపట్టగలిగే అల్మాజ్ "తారా, తారా" అని బిడ్డను దగ్గరికి తీసుకుంది. పేరు అలాగే నిలిచిపోయింది.

వాళ్లు దేశం వెళ్లే రోజున అల్మాజ్, నేను నాణేలు మార్చుకున్నాం. "రెండూ ఒక్కటే కద, మార్చుకునుడు ఏంది?" అన్నాడు మల్లేశ్వర్. ఇప్పుడు నా మెడలో ఉన్నది అల్మాజ్ తల్లిది. శిరీష దాన్ని అమ్మరాదు, కరిగించరాదు. మన ఇంట్లోనైనా, మన వీధిలోనైనా ఏ ఆడపిల్ల కాన్పుకు భయపడినా దాన్ని తీసుకెళ్లి ఆమె పిడికిట్లో పెట్టాలి. పదహారుమంది సంగతి తప్పకుండా చెప్పాలి.

4. ఆమినాకు నా పచ్చ శాలువ. అది కాక ఆమె బతికినన్నాళ్లు మా అరుగు మీద కూర్చుని పొద్దున చాయ్ తాగే హక్కు ఇస్తున్నాను. చాయ్ పెట్టవలసింది వీరేందర్. మంజులకు పని చెప్పరాదు. చక్కెర తక్కువైందని ఆమినా గొణిగితే వినాలి, ఎదురు మాట్లాడరాదు.

5. మల్లేశ్వర్‌కు ఏమీ ఇవ్వడం లేదు. వాటా ఉన్నవాళ్లు సాక్షులుగా ఉండకూడదని వకీలు గారు అన్నారు. అందుచేత సాక్షి సంతకానికి మల్లేశ్వర్ అన్నివిధాలా తగినవాడు. పెట్టేముందు మూడో నంబరు పైకి చదివి వినిపించాలి. నిన్న చిత్తుప్రతి చదివాడు. "అసలుదే వదినా, ఒప్పుకుంటున్న" అన్నాడు. అతని మీద నాకు ఇక కోపం లేదు.

6. చిన్న తారాకు నా వెండి కాళ్లకడియాలు. వీటిని పంపే శ్రమ వకీలు గారికి అక్కర్లేదు. పిల్ల పుట్టినరోజుకు అడిస్ అబాబా రమ్మని అల్మాజ్ టికెట్లు పంపింది. ఎల్లుండి ఆమినా, నేను బయలుదేరుతున్నాం. విమానాల మోత కింద ఇన్నేళ్లు బతికినా ఒక్కసారీ ఎక్కలేదు. "ఎందుకైనా మంచిది, రాసిపెట్టు అమ్మా" అని వీరేందర్ పరేషాన్ అయితే రాయించాను. మేం క్షేమంగా తిరిగివస్తాం, అప్పుడు కావాలంటే ఇంకొకటి రాయిస్తాను.

7. కిటికీ పక్క సీటు పోయేటప్పుడు ఆమినాది, వచ్చేటప్పుడు నాది. ఇది కూడా రాతపూర్వకంగా ఉండాలని ఆమినా పట్టుబట్టినందున చేర్చడమైనది.

పై విషయాలన్నీ నాకు చదివి వినిపించగా, సరిగ్గా ఉన్నాయని తెలుసుకుని, నవ్వుకుంటూ సంతకం చేశాను.

తేది: 6 ఫిబ్రవరి 2026
స్థలం: తొండుపల్లి

(సంతకం) తారాబాయి

సాక్షులు:
1. మల్లేశ్వర్, మరిది
2. సక్కుబాయి, పక్కింటి ఆమె